బావమరిది ఎడమ కన్ను

ఆ పొద్దున కోత మేస్త్రి పెట్టుకున్న పని ఒక్కటే. యంత్రాలు నడవకముందు పనివాళ్ళకు చెప్పే జాగ్రత్తల మాటలు ఈసారి వాళ్ళు నోరు తెరుచుకుని వినాలి. ఆవలించడానికి తెరవడం కాదు.

బల్లలూ బీరువాలూ చేసే ఫ్యాక్టరీ అది. చెక్క కోసే విభాగానికి ఆయన మేస్త్రి. గోడ అవతల రంగుల విభాగానికి ఇంకో మేస్త్రి. అతను రోజూ తన సొంత గొడవే చెప్పేవాడు. రంగు చేత్తో తల గోక్కుని ఫొటో దిగడం, మూత పెట్టని డబ్బా మీద కూర్చోవడం, ఇంటికెళ్ళి పెళ్ళాం చేత తిట్లు తినడం. అవతల నవ్వు వినబడినప్పుడల్లా కోత మేస్త్రికి కడుపు మండేది. తాను నిబంధనలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. పనివాళ్ళు ముఖం ఆయన వైపు పెట్టి, చెవి గోడ వైపు పెట్టేవాళ్ళు.

శనివారం ఇద్దరిలో ఒకరిని పెద్ద మేస్త్రిని చేస్తారని తెలిసింది. పనివాళ్ళ చేత తన మాట వినిపించగలవాడికే ఆ పదవి. మేనేజరు కోత మేస్త్రిని పిలిచి, నిబంధనలు గోడ మీద ఉండనే ఉన్నాయి, మీ ఇంట్లో జరిగింది మనసులోంచి చెప్పండి అన్నాడు.

ఆయన ఇంట్లో ఏదీ జరగదు. ఉన్నదల్లా తిని పడుకునే బావమరిది. అందుకని వాడినే వాడుకున్నాడు. కళ్ళ రక్షణకని కంపెనీ ఇచ్చే కళ్ళజోడు లాంటిది పెట్టుకోకుండా వాడు ఇంట్లో మేకు కొడుతుంటే, ఆ మేకు ఎగిరొచ్చి గుచ్చుకుందనీ, కన్ను పోయిందనీ చెప్పాడు. హాలు చడీచప్పుడు లేకుండా అయిపోయింది. అది ఆయనకు తలకెక్కింది. కుదిరిన సంబంధం కూడా తప్పిపోయిందన్నాడు. చెక్క నునుపు చేసే ఆవిడ ముక్కు చీదింది. ఏ కన్నని ఒకడు అడిగితే ఎడమ అన్నాడు. సాయంత్రం ఇంకొకడు అడిగితే కుడి అన్నాడు.

మర్నాడు పని వదిలాక కొందరు పళ్ళ సంచితో ఇంటికి వచ్చారు. మేస్త్రి ఇంకా దారిలోనే ఉన్నాడు. తలుపు తీసిన ఆయన భార్యతో, తమ్ముడి కన్ను పోయిందటగా పాపం అన్నారు. పోయింది ఇప్పుడేననుకుంది ఆవిడ. గావుకేక పెట్టి లోపలికి పరుగెత్తి, ముసుగుతన్ని పడుకున్న తమ్ముడి రెప్పలు వేళ్ళతో విప్పబోయింది. నిద్రమత్తులో వాడూ కేక పెట్టాడు. అది నొప్పి వల్లేననుకుని గుమ్మంలో ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

అప్పటికి మేస్త్రి పెరటి దారిన లోపలికొచ్చాడు. సంగతి ఇద్దరికీ గొణిగి, పాత పంచె అంచు పట్టీలా చింపాడు.

"ఏ కన్ను బావా?"

"ఏదో ఒకటి. ముందు నోరు ముయ్యి."

"మా తమ్ముడి కన్నే దొరికిందా మీకు?" అంది భార్య. "మీ తమ్ముడికీ ఉన్నాయిగా రెండు."

పట్టీ ఎడమ కంటికి కట్టారు. వచ్చినవాళ్ళు చూసి, పళ్ళు ఇచ్చి, నిట్టూర్చి వెళ్ళారు. కబురు మేనేజరుకు చేరింది. శనివారం ఆ కుర్రాణ్ణే తీసుకొచ్చి రెండు విభాగాల ముందూ నిలబెట్టమన్నాడు. నోరు విప్పకుండా నిలబడితే కొత్త బూట్లు కొనిపెడతానని మేస్త్రి బావమరిదికి మాటిచ్చాడు.

శనివారం వాడు కొత్త బూట్లతో, పట్టీతో నిలబడ్డాడు. ముందు వరసలో రంగుల మేస్త్రి ముఖం వేలాడేసుకుని ఉండటం చూసి కోత మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు వెనకనుంచి ఒకడు లేచాడు. "మాతో కుడి కన్నన్నారే మేస్త్రీ?"

బావమరిది బావ వంక చూశాడు. బావ నేల వంక చూశాడు. వాడు పట్టీ ఊడదీశాడు.

"రెండూ బాగానే ఉన్నాయండీ. మా బావ అబద్ధమాడాడు. అవతలాయన మాటలకి మీరు నవ్వుతారని ఈయనకి కుళ్ళు. అన్నం కూడా సహించట్లేదు. రంపం దగ్గర నిలబడి చెవి గోడకేస్తాడట. మొన్న వేలు పోవాల్సింది, చొక్కా చెయ్యి పోయింది. ఇక ఈయన కళ్ళజోడంటారా, అది మా ఇంట్లో ఉంది. ఉల్లిపాయలు తరిగేటప్పుడు మా అక్క పెట్టుకుంటుంది."

హాలంతా పగలబడి నవ్వింది. అందరూ ఆపాక కూడా రంగుల మేస్త్రి ఆపలేదు. తర్వాత ఒక్కొక్కరే తమ కళ్ళజోళ్ళ కోసం జేబులు తడుముకున్నారు. తన కళ్ళజోడు మనవడు ఆడుకోడానికి పట్టుకెళ్ళాడని నునుపు చేసే ఆవిడ ఒప్పుకుంది. ఇంకొకడు తనది ఈతకు వాడుతున్నానన్నాడు. స్టోరు నుంచి కొత్తవి తెప్పించి, అందరి ముక్కుల మీదికీ ఎక్కించాకే ఆ రోజు యంత్రాలు నడిచాయి.

పెద్ద మేస్త్రి పదవి ఎవరికీ ఇవ్వలేదు. పొద్దుటి మాటలు ఇకమీద రెండు విభాగాలకూ బావమరిదే చెబుతాడనీ, వాడికి అదే ఉద్యోగమనీ మేనేజరు ప్రకటించాడు. రంగుల మేస్త్రి ముఖం మాడిపోయింది. కోత మేస్త్రికి అదొక్కటే ఊరట. అదీ నిలవలేదు. బావమరిది వెళ్ళి రంగుల మేస్త్రి భుజం మీద చెయ్యేసి ఏదో అన్నాడు, ఇద్దరూ ఇకిలించారు. కోత మేస్త్రి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. ఈసారి ఇద్దరి మీదా.

మేనేజరు ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "ఇంటి మనిషి కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నా. కుర్రాడు నమ్మదగినవాడేనా?"

మేస్త్రి తలుపు పడిందో లేదో ఒకసారి చూసుకున్నాడు. "వాడికి అబద్ధమాడటం చేతకాదండీ. ఎంత చెప్పినా నేర్చుకోలేదు."

ఆ వారమంతటికీ ఆయన మనసులోంచి వచ్చిన మాట అదొక్కటే. వినడానికి ఉన్నది మేనేజరు ఒక్కడే.