దిల్‌సరి ఆమా ఇంటికి గడ్డికప్పు

మా కొండ ఊరు కాఫల్‌డాండాను పర్యాటకుల తాకిడి నుంచి రక్షించాలని విశ్వవిద్యాలయ విద్యార్థులు ఏకగ్రీవంగా తీర్మానించారు. అప్పటికి మా కొండ మీదికి పర్యాటకుడు అనదగ్గవాడు ఒక్కడే వచ్చాడు. అతనూ దారి తప్పి వచ్చాడు. మేమంతా ఆమా, అంటే అమ్మ, అని పిలిచే ముసలావిడ దిల్‌సరి పెట్టిన మొక్కజొన్న పిండి ఢిడో ముద్ద తిని, పోఖరాకు దారి అడిగి, వెనక్కి చూడకుండా దిగిపోయాడు. అయినా ముప్పు వచ్చేదాకా ఆగడం చదువుకున్నవాళ్ల లక్షణం కాదు కదా.

జీపుల్లో వచ్చిన ఆ పిల్లలకు నాయకుడు ప్రవేశ్ సాప్‌కోటా. సుస్థిర పర్యాటకం, గమ్యస్థాన నిర్వహణ అనే శాస్త్రంలో ఆఖరి సంవత్సరం. మంచివాడు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో చెడ్డవాళ్లెవరూ లేరు. ముసలివాళ్లకు నీళ్ల బిందెలు మోసిపెట్టాడు. నేను లెక్కలు చెప్పే బడికి వచ్చి పిల్లలకు చెత్త ఏరడం నేర్పాడు. ఊళ్లో పాఠానికి సరిపడా చెత్త దొరక్కపోవడంతో, తాము తెచ్చుకున్న బిస్కెట్ పొట్లాలే విప్పి, తిని, కాగితాలు పారేసి ఏరించాల్సి వచ్చింది. విద్య కోసం ఆ మాత్రం త్యాగం తప్పదు.

అవగాహన సభలో మా వార్డు అధ్యక్షుడు టేక్‌బహదూర్ గురుంగ్ గొంతు సవరించుకుని ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా! మన తాతముత్తాతలు అమాయకులు. దీన్ని ఊరనుకుని బతికేశారు. ఇది ఊరు కాదు, గమ్యస్థానమని ఈ విద్వాంసులు కనిపెట్టారు. ఇకపై మనమెవరూ ఇక్కడ ఊరికే ఉండరాదు. ఆకర్షణీయంగా ఉండాలి!" అందరం చప్పట్లు కొట్టాం.

ఆకర్షణకు అడ్డొచ్చింది ఒక్కటే, దిల్‌సరి ఆమా ఇంటి రేకులు. ఉన్న రెండు గేదెల్నీ అమ్మి కిందటేడే వేయించుకుంది. కారే నీళ్లకు ఇంట్లో గిన్నెలు పరచకుండా ఆమె నిద్రపోయిన మొదటి వర్షాకాలం అదే. ప్రవేశ్ వినయంగా ఆమె గుమ్మంలో కూర్చున్నాడు.

"ఆమా, ఈ రేకులు ఎండకు మెరిసి దృశ్యాన్ని పాడుచేస్తున్నాయి. మళ్లీ గడ్డి కప్పిద్దాం. పని మేమే చేస్తాం."

"గడ్డి కారుద్ది నాయనా. మీ ఇంటికేం వేశారు?"

"స్లాబు, ఆమా."

"కారుద్దా?"

"కారదు. కానీ మాది గమ్యస్థానం కాదు కదా!"

ఆమా అతని మొహంలోకి కాసేపు చూసింది. వేళాకోళం ఆడుతున్నాడేమో అనుకుంది. కాదని తేలాక ఒప్పుకుంది. ఊరంతా తలూపాక తనొక్కతే కాదంటే ఏం బాగుంటుంది? విద్యార్థులు చేతులు బొబ్బలెక్కేలా పనిచేసి గడ్డి కప్పారు. తీసిన రేకుల్ని ఖాళీగా పడున్న గేదెల కొట్టం మీద వేశారు.

తర్వాత ప్రవేశ్ మాఛాపుచ్ఛ్రే శిఖరం మీద ఎండ పడుతుండగా వీడియో తీశాడు. "దయచేసి ఇక్కడికి రాకండి. ఈ అందాన్ని ఇలాగే ఉండనివ్వండి" అని చేతులు జోడించాడు. ఆ మాటలంటున్నప్పుడు అతని కళ్లు నిజంగానే చెమర్చాయి. ఆ వీడియో దేశమంతా తిరిగింది. వారం సెలవైన మరుసటి శనివారానికి మలుపు మలుపునా జీపులు ఆగిపోయాయి. "అంతగా రావద్దంటున్నారు, ఏముందో చూద్దామని వచ్చాం" అన్నారు వాళ్లలో నిజాయితీపరులు.

ఆమా ఇల్లు ఆదర్శ హోమ్‌స్టే అయింది. అతిథులు ఇంట్లో, ఆమా కొట్టంలో. ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టింది. గడ్డికప్పు శాయశక్తులా కారింది. అతిథులు అన్నం పళ్లేలు నెత్తిన పెట్టుకుని కొట్టంలోకి పరుగెత్తుకొచ్చారు. ఆమా వాళ్లకు తన దుప్పటి కప్పి, టీ కాచి ఇచ్చింది. ఇంతకన్నా అసలైన పల్లె అనుభవం మరోటి లేదని వాళ్లు ఊరెళ్లి రాసిన దగ్గర్నుంచి అందరికీ కొట్టమే కావాల్సి వచ్చింది. ఆమా మూట కట్టుకుని పోఖరాలో మేనకోడలి గదికి వెళ్లిపోయింది.

అంతలో విద్యార్థులు మరో అధ్యయనం పూర్తిచేశారు. ఇంతమందిని ఈ కొండ మోయలేదు, కొందరిని తగ్గించక తప్పదని తేలింది. పర్యాటకుల్ని తగ్గిస్తే అది పర్యాటకమే కాదు. ఇక మిగిలింది మేమే. శనివారాల్లో ఇంతమంది స్థానికులే కొండ మీద ఉండాలని, మిగతావాళ్లు వంతులవారీగా దిగిపోవాలని నిర్ణయించారు. అడగకముందే దిగిపోయిన దిల్‌సరి గురుంగ్ గారిని ఆదర్శ పౌరురాలిగా సభలో కొనియాడారు. అభినందన అందుకోవడానికి ఆమె అక్కడ లేదు.

వానలు వెనకబట్టాక ఒక శనివారం ఆమాకు ఇంటి మీద బెంగ పుట్టి జీపెక్కి వచ్చింది. ఊరి మొదట్లో ద్వారం, బల్ల, బల్ల వెనక కొత్తగా చేరిన ఒక విద్యార్థిని.

"స్థానికులా, టూరిస్టులా?"

"ఈ ఊరిదాన్నే అమ్మాయ్."

"అయ్యో, ఇవాళ్టికి స్థానికులు నిండిపోయారు ఆమా. టూరిస్టులకైతే ఖాళీ ఉంది."

ఆమా టూరిస్టు టిక్కెట్టు కొంది. వెంటనే మెళ్లో బంతిపూల దండ పడింది, నుదుట టీకా బొట్టు పడింది. అది చూసి ప్రవేశ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఆమా! మీకు టిక్కెట్టేంటి? ఆ పిల్లకి తెలీదు... ఇటివ్వండి, డబ్బు వెనక్కిప్పిస్తా." టిక్కెట్టు కోసం చెయ్యి చాపాడు.

"ఉండనీలే నాయనా. పుట్టి బుద్ధెరిగాక ఈ ఊళ్లో నాకు దండేసినోళ్లు లేరు" అంది ఆమా. నవ్విందో లేదో నేను సరిగ్గా చూడలేదు.

నడిచి వెళ్లి తన ఇంటి అరుగు మీద కూర్చుంది. అరచేత్తో అరుగు మీది మట్టిని ఒకసారి తడిమింది. కాఠ్‌మాండూ నుంచి వచ్చిన ఒకావిడ ఫోను ఎత్తి చాలాసేపు దూరం సరిచూసుకుని, చివరికి మర్యాదగానే అడిగింది.

"ఏమీ అనుకోకండి, కాస్త పక్కకు జరుగుతారా? ఇల్లు మాత్రమే కావాలి. మెళ్లో ఆ దండలూ అవీ ఉంటే ఫొటోలో టూరిస్టులు పడ్డట్టుంటుంది."

ఆమా లేచి పక్కకు జరిగింది.

ఫొటో అద్భుతంగా వచ్చింది. గడ్డికప్పు, ఖాళీ అరుగు, వెనక మంచుకొండ, మనిషి జాడ లేదు. మీరూ చూసే ఉంటారు. ఎంత ప్రశాంతంగా ఉందో అని అనే ఉంటారు.