సదాశివ లెక్కపెట్టిన తేనెటీగలు

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి మిద్దె మీద ఎవరి కుండీల ముందు వాళ్లు పది నిమిషాలు కూర్చుని, పూల మీద వాలే తేనెటీగలను లెక్కపెట్టాలి. కాప్రాలోని ఆ అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి శ్రీలలిత అన్ని ఇళ్లకూ అప్పజెప్పిన పని అది. రిటైరైన సదాశివ కుర్చీ వేసుకున్నాడు, పేపరు తెరిచాడు, నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి తొమ్మిదిన్నర. వాట్సాప్ గ్రూపులో అందరూ తమ తమ లెక్కలు పెట్టేశారు. తానొక్కడే మిగిలానని సిగ్గేసి, చూడకుండానే ఒక అంకె కొట్టాడు: నలభై ఏడు.

మిగతా ఇళ్లలో ఎవరికీ ఐదు దాటలేదు.

వెంటనే శ్రీలలిత ఫోను. "అంకుల్, అదరగొట్టేశారండీ! ఎలీనా మేడమ్‌కి చెప్పాను. కాలేజీలో ఆవిడ పాఠం చెప్పేది తేనెటీగల గురించే. పదకొండింటికి మన అపార్ట్‌మెంట్ పిల్లలందర్నీ తీసుకుని మీ కుండీల దగ్గరికే వస్తున్నాం."

సదాశివ భార్య దేవమ్మ చేతిలో బట్టల బకెట్టుతో ఆగిపోయింది. "నలభై ఏడా? నువ్వు గురక వెడుతుంటే నీ పక్కనే బట్టలారేసిన. ఏడ లెక్కవెట్టినవ్?"

"ఊకో జెర. బెల్లం ఏడుంది?"

అర కిలో బెల్లం నీళ్లలో కలిపి బంతిపూల మీద, తులసి మీద, దేవమ్మ ప్రాణంగా పెంచుకున్న దొండతీగ మీద చల్లాడు.

పదకొండింటికి డజను మంది పిల్లలు వచ్చేసరికి కుండీల మీద ఏవో నల్లగా ముసురుకుని ఉన్నాయి. "మేడమ్, నాకు డెబ్బై వచ్చినయ్!" అని అరిచిందో పాప.

ఎలీనా వంగి చూసింది. "ఇవి ఉత్త ఈగలమ్మా."

"ఎండకు తేనెటీగలు వోయినయ్ మేడమ్," అన్నాడు సదాశివ. "పొద్దుగాల మస్తుండె."

ఆవిడ ఒక ఆకు తాకింది. వేలు అంటుకుపోయింది. "ఇంత జిగురా? చీడ గట్టిగా పట్టినట్టుంది. పక్క కుండీలకు పాకకముందే ఏదో ఒకటి చేయాలి."

శ్రీలలిత ఆ మాట క్షణంలో గ్రూపులో పెట్టేసింది. ఐదు నిమిషాల్లో మిద్దె నిండా జనం. పీకేద్దామన్నారు కొందరు, కాల్చేద్దామన్నారు మరికొందరు. ఒకాయన అప్పుడే దొండతీగ మొదలు పట్టుకున్నాడు. దేవమ్మ మొగుడి వంక చూసింది, అంతే.

"ఆగుండ్రి," అన్నాడు సదాశివ. "చీడ గాదు. బెల్లం నీళ్లు. నేనే చల్లిన. పొద్దుగాల లెక్క సుత వెట్టలే. పండుకున్న."

పిల్లలందరూ తలెత్తి అతన్నే చూశారు. అరవై మూడేళ్ల వయసులో ఎటు చూడాలో తెలియక సదాశివ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఎలీనా శ్రీలలిత వైపు తిరిగింది. "పోనీ, మిగతా ఇళ్ల లెక్కలైనా నిజమేనా?"

"నేను మూడు రాశానండీ... వంటింటి కిటికీలోంచి చూసి."

"కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?"

"పక్క బిల్డింగు గోడ," అంది శ్రీలలిత చాలా చిన్నగా.

దొండతీగ పట్టుకున్నాయన దాన్ని మెల్లగా వదిలేశాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే, స్టవ్ మీద పాలున్నాయంటూ మెట్లు దిగిపోయారు. సదాశివ సాయంత్రం దాకా ఒక్కో ఆకూ కడుగుతూనే ఉన్నాడు.

మరుసటి ఆదివారం ఎనిమిదింటికి పేపరు లేకుండా కూర్చుని, కళ్లు విప్పుకుని చూసి, గ్రూపులో "రెండు" అని రాశాడు.

ఫొటో పెట్టమంది శ్రీలలిత.