ఆరో తరగతి ముందు బెంచీలు

ఆ సోమవారం ప్రసాదరావు పెట్టుకున్న పని చాలా చిన్నది. కూతురు బిందును బడి దగ్గర దింపాలి, రొయ్యల చెరువుకు వెళ్ళి మేత ఎంత మిగిలిందో చూసుకోవాలి, ఎండెక్కేలోగా ఇంటికొచ్చి చద్దన్నం తినాలి. కైకలూరు పక్కన చెరువులు చేసేవాళ్ళ పొద్దు అంతకన్నా ఘనంగా ఏమీ మొదలవదు. అయితే బండెక్కబోతూ బిందు నుదురు పట్టుకుంది.

"మళ్ళీ నొప్పేనా అమ్మా?"

"రోజూ ఉండేదే నాన్నా. బళ్ళో కూర్చుంటే వచ్చేస్తుంది, ఇంటికొచ్చాక తగ్గిపోద్ది."

ప్రసాదరావు బండి తాళం తిప్పబోయి ఆగిపోయాడు. నాలుగేళ్ళ కిందట అతని అన్న కొడుకు కూడా ఇలాగే తలనొప్పి అన్నాడు. ఎండదెబ్బ అనుకున్నారు అందరూ. తీరా చూస్తే తలలో గడ్డ. ఏడాది తిరక్కుండా వాణ్ణి సమాధుల తోటకు మోసుకెళ్ళారు. శవపెట్టెకు ముందు భుజం పట్టింది ప్రసాదరావే. అప్పటినుంచి పిల్లల నోట ఆ మాట వింటే చాలు, అతనికి ఒళ్ళు చల్లబడిపోతుంది.

బడిలోనే వస్తోందంటే బడిలోనే ఏదో ఉంది. ఏముందో అతనికి వెంటనే తట్టింది. నెల కిందట ఆరో తరగతి గదిలో బోర్డు పైన వైఫై పెట్టె బిగించారు. ఆ తరంగాలు పసిపిల్లల మెదడును లోలోపల ఉడకబెట్టేస్తాయని టీకొట్టు దగ్గర ఎవరో వీడియో కూడా చూపించారు. చెరువు సంగతి మర్చిపోయి తిన్నగా హెడ్మాస్టరు సుందరరామయ్య గదిలోకి నడిచాడు.

"నాకు తెలిసినంతలో దాని బలం మీ జేబులో ఫోను కన్నా ఎక్కువేం కాదండీ," అన్నారు సుందరరామయ్య గారు.

ప్రసాదరావు జేబులోంచి ఫోను తీసి బల్ల మీద, వీలైనంత దూరంగా పెట్టాడు. "నాకున్నది ఒక్కర్తేనండి. మా పాపని రెండో బెంచీలోంచి వెనక్కి పంపండి మాస్టారూ. మీకు దణ్ణం పెడతాను."

సుందరరామయ్య గారిది వెన్నలాంటి మనసు. ఎవరికీ కాదనలేరు. బిందు ఆ పూటే వెనక గోడ పక్కకు చేరింది.

ఆ వారమంతా ప్రసాదరావు చెరువులో రొయ్యల పట్టుబడి; వలలు, లారీల గొడవలో బడి సంగతి పట్టించుకునే తీరిక అతనికి లేదు. ఇటు బడిలో గొర్రెదాటు మొదలైంది. ప్రసాదరావు కూతురు వెనక్కి వెళ్ళిందని తెలియగానే పక్క చెరువు ఏసోబు వచ్చి తన కొడుకునూ మార్పించుకున్నాడు. ఏసోబును చూసి మరొకరు, ఆయన్ని చూసి ఇంకొకరు. మాస్టారు అందరికీ సరేనన్నారు. శనివారానికల్లా ముప్పైరెండు మంది పిల్లలూ వెనక రెండు వరసల్లో ఒకరి ఒళ్ళో ఒకరు ఇరుక్కున్నారు.

బిందుకు మాత్రం నొప్పి తగ్గకపోగా రెట్టింపైంది.

"అంత దూరం జరిపినా వదల్లేదంటే ఎంత బలమైందో చూడు!" అన్నాడు ప్రసాదరావు భార్య నిర్మలతో.

"ముందు పాపని డాక్టరుకి చూపించండీ. ప్రార్థన నేను చేస్తాను, పరీక్ష మీరు చేయించండి," అంది నిర్మల.

సోమవారం పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళదామని బడికి వచ్చి, కిటికీలోంచి తొంగిచూసిన ప్రసాదరావు కొయ్యబారిపోయాడు. బోర్డు దగ్గర్నుంచి సగం గది దాకా బెంచీలు ఖాళీ. పిల్లలంతా వెనక గోడకు అతుక్కుపోయి ఉన్నారు. చెరువులో నీళ్ళు పాడైతే తెల్లారేసరికి రొయ్యలు ఇలాగే గట్టుకు చేరతాయి. పదిహేనేళ్ళుగా ఆ దృశ్యం చూసి గుండెలు బాదుకుంటున్నవాడికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"వీళ్ళని మీరు పంపారా మాస్టారూ వెనక్కి?" అనడిగాడు, వరండాలో ఎదురొచ్చిన సుందరరామయ్య గారిని.

"మేం ఎవర్నీ పొమ్మనలేదండీ. అసలేం జరిగిందంటే..."

మిగతాది వినేవాడెవడు? చెప్పకుండానే పిల్లలు పారిపోయారన్న మాట! బిందును చంకనేసుకుని బండి దగ్గరికి పరుగెత్తాడు. దారిలో ఐసు ఫ్యాక్టరీ దగ్గర బండి ఆపకుండానే కేకేశాడు: "ఆరో తరగతి పిల్లలందరూ గట్టుకొచ్చేశారండోయ్!"

ఆ ఊళ్ళో ఆ మాటకు అర్థం విడమర్చి చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నానికి ఆరో తరగతి గదిలో వైఫై పెట్టె, సుందరరామయ్య గారు తప్ప ఎవరూ మిగల్లేదు.

ఏలూరు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు బిందును అరగంట చూసి కంటి డాక్టరమ్మ దగ్గరికి పంపారు. గోడ మీది అక్షరాల్లో బిందు చదివినవి పై రెండు వరసలే.

"పాపకి దూరపు చూపు బాగా తగ్గిందండీ. కళ్ళు చిట్లించుకుని చూడ్డం వల్లే తలనొప్పి. క్లాసులో ఎక్కడ కూర్చుంటుంది?"

"వెనక గోడ పక్కనండి."

"అయ్యో! అంత దూరాన ఎవరు కూర్చోబెట్టారండీ?"

ప్రసాదరావు తల వంచుకున్నాడు. "నేనేనండి." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "తలలో... ఇంకేమీ లేదు కదండీ?"

"ఏమీ లేదండీ. కళ్ళజోడు పెడితే సరిపోతుంది."

వరండాలోకి వచ్చి బల్ల మీద కూలబడి, చుట్టూ జనం ఉన్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు ప్రసాదరావు. అన్న కొడుకు పోయిననాడు కూడా అంత ఏడవలేదు. బిందు తండ్రి వీపు నిమురుతూ, "నాకేం కాలేదంట కదా నాన్నా?" అంది. అందుకే ఏడుస్తున్నానని చెప్పడం అతనికి చేతకాలేదు.

మర్నాడు పిల్లలు బడికైతే వచ్చారుగాని వెనక గోడను వదల్లేదు. ప్రసాదరావు కొత్త కళ్ళజోడుతో ఉన్న కూతుర్ని సరాసరి పెట్టె కిందే, మొదటి బెంచీలో కూర్చోబెట్టాడు. బయటికొచ్చి, గేటు దగ్గర గుమిగూడిన తల్లిదండ్రులకు చేతులు జోడించి, తప్పంతా తనదేనని, నొప్పికీ పెట్టెకీ ఏ సంబంధమూ లేదని చెప్పాడు.

ఏసోబు అంతా ఓపిగ్గా విన్నాడు. కిటికీ దాకా వెళ్ళి బిందును తేరిపార చూసి వచ్చాడు.

"మొన్నటిదాకా పాపకి కళ్ళజోడు లేదు కదండీ?"

"లేదు."

"ఆ పెట్టె కింద కూర్చోబెట్టింది ఇవాళే కదా?"

"ఇవాళే. అయితే?"

ఏసోబు మిగతావాళ్ళ వైపు తిరిగి, "చూశారా, ఒక్క పూటకే కళ్ళకొచ్చింది," అని నిట్టూర్చాడు.

సాయంత్రానికి ముప్పైఒక్క సంతకాలతో పెట్టె తీసేయాలని అర్జీ తయారైంది. 'ఆధారాలు' అన్నచోట బిందు కళ్ళజోడు పవరు కూడా వేశారు.