అరుదైన గడ్డకు అభినందన సభ

పెద్దాసుపత్రివారు సగర్వంగా ప్రకటించినదేమంటే, తమ దగ్గర ఒక అరుదైన క్యాన్సరు దొరికింది. దొరికిన చోటు ఒక బస్సు డ్రైవరు భుజం.

ఆ గడ్డ ఆయన భుజం మీద ఏళ్ల తరబడి నింపాదిగా కాపురం చేసింది. స్టీరింగ్ తిప్పి తిప్పి వచ్చిన కండ అన్నాడు బావమరిది. దిండు మారిస్తే పోతుందంది భార్య. సర్జను గారు ఒక్క నొక్కు నొక్కి, కొవ్వు గడ్డ అని తేల్చి, కోసి ల్యాబుకు పంపించారు.

ల్యాబు డాక్టరమ్మ ఆ ముక్కను మైక్రోస్కోపులో చూసి టీ పక్కన పెట్టేసింది. కదురుల్లాంటి సన్నటి కణాలు బండిచక్రం ఆకుల్లా తిరుగుతూ కింది కొవ్వులోకి చొరబడుతున్నాయి. అనుమానం తీరక ప్రత్యేకమైన రంగు వేయించింది. కణాలన్నీ గోధుమరంగుకు తిరిగాయి. ఇక సందేహం లేదు. చర్మం కింది మెత్తటి కణజాలంలో పుట్టే క్యాన్సరు. మెల్లగా పెరుగుతుంది గానీ వేళ్లు దూరం పాకిస్తుంది. ముక్క అంచుల్లోనూ ఆ కణాలే ఉన్నాయి. అంటే భుజంలో ఇంకా మిగిలే ఉంది.

ఆమె సూపరింటెండెంటు గదికి పరుగెత్తింది.

"సార్, మళ్లీ కొయ్యాలి. ఈసారి చుట్టూ వెడల్పుగా."

"అరుదైందా అమ్మా?"

"చాలా అరుదు సార్. కానీ పేషెంటుకి..."

"పక్క ఊరి ఆసుపత్రిలో ఎప్పుడైనా దొరికిందా?"

"లేదనుకుంటా సార్."

సూపరింటెండెంటు గారికి ఆనందబాష్పాలు వచ్చాయి.

మర్నాడే సభ. ఇస్త్రీ యూనిఫాంలో వచ్చిన డ్రైవరును వేదిక మీద కూర్చోబెట్టారు. "ఇలాంటి జబ్బు ఎవరికి పడితే వారికి రాదు! మనల్ని నమ్మి వచ్చింది!" అని సూపరింటెండెంటు గారు గర్జించారు. "నొక్కినప్పుడే నా వేలికి తెలిసిపోయింది" అని సర్జను గారు వినయంగా ఒప్పుకున్నారు. హాలు దద్దరిల్లింది. మర్యాదకు డ్రైవరు కూడా చప్పట్లు కొట్టి, పక్క కుర్చీలోని డాక్టరమ్మ వైపు వంగాడు.

"ఇంతకీ ఇది మంచిదా, చెడ్డదా అమ్మా?"

ఆమె అతన్ని తెర వెనక్కి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"చెడ్డదే అన్నా. కానీ మొత్తం తీసేస్తే చాలామందికి మళ్లీ రాదు. భయపడకు, ఆలస్యం మాత్రం చెయ్యకూడదు."

"మరి వాళ్లంతా చప్పట్లు ఎందుకు కొట్టారమ్మా?"

ఆమె రెండో ఆపరేషనుకు చీటీ రాసి అతని చేతిలో పెట్టింది.

ఆపరేషనుకు మాత్రం తేదీ దొరకలేదు. రాబోయే డాక్టర్ల మహాసభల్లో చూపించేదాకా మిగిలిన గడ్డను ఎక్కడిదక్కడే భద్రపరచాలని సూపరింటెండెంటు గారి సంకల్పం. డాక్టరమ్మ ఆయన చెవి దగ్గర మెల్లగా అంది: "రెండో ఆపరేషను చేస్తే రెండో సభ పెట్టుకోవచ్చు సార్."

తెల్లారేసరికి థియేటరు సిద్ధం.

కొత్త ముక్క అంచులన్నీ ఆమె తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా ఆ కణం జాడ లేదు. డ్రైవరు ఇంటికి వెళ్లాడు, కొన్నాళ్లకు బస్సెక్కాడు. సూపరింటెండెంటు గారు మాత్రం కాస్త దిగాలు పడ్డారు.

ఆ తర్వాత డ్రైవరు పక్కింటాయన మెడ మీది పులిపిరి కోయించుకుని, ల్యాబు రిపోర్టు కోసం భార్యతో సహా వచ్చాడు. అది మామూలు పులిపిరేనని డాక్టరమ్మ సంతోషంగా చెప్పింది. దంపతుల మొహాలు మాడిపోయాయి.

"ఇంకోసారి సరిగ్గా చూడండి డాక్టరమ్మా" అంది భార్య. "మా ఆయన మాత్రం ఏం తక్కువ తిన్నాడు?"