కంప్యూటర్‌లో అద్దె పోర్షన్

ఇంటికో కంప్యూటర్ ఉంటే చాలదండీ. దాని కడుపులో ఇంకో కంప్యూటర్ కూడా ఉండాలి! అది లేని సంసారం సంసారమే కాదని నేనీమధ్యే తెలుసుకున్నాను.

నవ్వకండి. దీన్ని వర్చువల్ మిషన్ అంటారు. బెజవాడలో కాపురం చేసేవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఉన్న రెండు గదులకీ మధ్యన ప్లైవుడ్ చెక్క కొట్టించి, అవతలి సగం అద్దెకివ్వమూ? అదే ఇది. ఇంటి ఓనరు విండోస్. అద్దెకు దిగినాయన లినక్స్, అదీ విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపించేదే.

నాకీ యోగం ఎలా పట్టిందంటారా? ఇంటర్‌తో ఆగిన చదువుని, పెళ్ళయి పిల్ల పుట్టాక, దూరవిద్యలో మళ్ళీ పట్టుకున్నాను. డిగ్రీ, అందులో లెక్కలు! ఆదివారం చర్చి నుంచి అట్నుంచటే పటమటలో క్లాసు. పది ప్రాక్టికల్స్ చేసి, రికార్డు బుక్కులో ఎక్కించి, లెక్చరర్ హనుమయ్యగారి చేత సంతకం పెట్టించుకోవాలి. సంతకం లేకపోతే హాల్ టికెట్ లేదు. హాల్ టికెట్ లేకపోతే మళ్ళీ ఏడాది. ఈ ‘మళ్ళీ ఏడాది’ అనే మాట నేనిప్పటికే ఆరేళ్ళుగా వింటున్నాను.

ఆ ప్రాక్టికల్స్‌లో లెక్క కొడితే బొమ్మ గీసే సాఫ్ట్‌వేరేమో లినక్స్‌లోనే నడుస్తుంది. మా ఆయన డేనియల్ ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్. దాన్ని కదపడానికి వీల్లేదు. ఆటోనగర్‌లో ఆయనకి అన్నం పెట్టే స్పేర్ పార్టుల కేటలాగ్ అందులో తప్ప తెరుచుకోదు. ఆయన పొద్దున తయారయ్యేంతసేపూ, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన గంటసేపూ ఆ ల్యాప్‌టాప్ నాది. అంచేత పోర్షన్!

దీనివల్ల లాభాలు ఒకటా రెండా? ముందు ఓర్పు వస్తుంది. ఉన్నది నాలుగు జీబీ ర్యామ్. చెరి సగం పంచితే ఓనరుకీ చాలదు, అద్దెకున్నాయనకీ చాలదు. లినక్స్ లేచేలోపు పప్పు ఉడుకుతుంది, చారు మరుగుతుంది, మా పిల్ల వినీలకి తల దువ్వడం కూడా అయిపోతుంది. ఈ లోపలి కంప్యూటర్‌ని వాళ్ళ భాషలో గెస్ట్ అంటారు. ఓ రోజు విసుగెత్తి, “ఈ గెస్ట్ ఎంతసేపటికీ రాదేమిటి!” అని పైకే అనేశాను.

వంటింట్లోంచి మా అత్తగారు తెరేసమ్మగారు గరిటెతో సహా వచ్చేశారు. “ఎవరే వచ్చేది? ముందే చెప్పొద్దూ? ఇంకో గ్లాసు బియ్యం పోసేదాన్నిగా!”

“మనుషులు కాదత్తయ్యా, లినక్స్.”

“ఎవరైతే ఏం, తినకుండా పంపిస్తామా?”

చూశారా, ఏ మిషన్ అయినా మన ఇళ్ళకి ఇంతటి ఆతిథ్య ధర్మం నేర్పిందా?

రెండు కంప్యూటర్లు ఒకే ఒంట్లో ఉంటే వేడి చేయదా మరి? చేస్తుంది. పిల్ల పక్కనుండగా పేలుతుందేమోనని నా భయం. ఇడ్లీ రేకు బోర్లించి, గాలాడేలా ల్యాప్‌టాప్‌ని దానిమీద పెట్టాను. ఇప్పుడు మా ఇంట్లో చదువు ఉన్నన్నాళ్ళూ ఇడ్లీ లేదు. ఒంటికి ఉప్మా మంచిదట!

పైగా ఇది మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు పెంచుతుంది. లోపలి పోర్షన్‌లో ఒకసారి క్లిక్ చేస్తే, మౌస్ బాణం అక్కడే ఉండిపోతుంది. బయటికి రావాలంటే కుడివైపు కంట్రోల్ మీట నొక్కాలి. ఆ మీటని వినీల ఏనాడో పీకేసింది. ఓ మధ్యాహ్నం ఆయన నిద్రలేచి మౌస్‌ని అటూ ఇటూ రుద్దారు.

“బాణం ఏదే?”

“లోపలికెళ్ళిందండీ.”

“ఎక్కడ లోపలికి?”

“లినక్స్‌లోకి.”

“అయితే రమ్మను! అవతల లారీ ఆగిపోయుంది!”

తల్లోంచి పిన్ను తీసి, మీట ఊడిన గుంటలో గుచ్చి, బాణాన్ని బయటికి లాగాను. ఆ రోజు నుంచీ ఆయనకి నేనంటే భయమో భక్తో, ఏదో ఒకటి పట్టుకుంది.

ఇన్ని పాట్లూ పడ్డాక ఏడో ప్రాక్టికల్‌లో నా బొమ్మ పడింది. ఎక్స్ స్క్వేర్ మైనస్ వై స్క్వేర్. ఓ పక్క పైకి లేచి, ఓ పక్క కిందికి వంగి, అచ్చం నూనెలో వేగిన అప్పడం! తిప్పి తిప్పి చూశాను. వినీలకి చూపించాను. “నాకూ!” అని చెయ్యి చాపింది. చివరికి దాన్ని రికార్డులో పెన్సిల్‌తో గీశాను. ఎంత కంప్యూటర్ అయినా రికార్డు మాత్రం చేత్తోనే గీయాలి, అది రూలు!

ఆదివారం హనుమయ్యగారు నా రికార్డు ముందు ఆగిపోయారు. “ఏమ్మా, ముప్ఫై మందికీ గిన్నె వస్తే నీకొక్కదానికే అప్పడం ఎందుకొచ్చింది?”

ముప్ఫై మందీ పాత రికార్డు చూసి గీసినవాళ్ళు. ఎప్పటివాడో ఒక సీనియరు మైనస్‌ని ప్లస్ అనుకుని గీసిన గిన్నె, బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి చేతులు మారుతూ వచ్చింది.

“అక్కడ మైనస్ ఉంది కదండీ సార్.”

“దేంట్లో చేశావు?”

“వర్చువల్ మిషన్‌లోనండీ.”

“అదీ సంగతి! వర్చువల్ కదా, అసలుది కాదు. అందుకే వంకరొచ్చింది. గిన్నె గీసుకురా, సంతకం పెడతాను.”

గీసేద్దామనే పెన్సిల్ తీశాను కూడా. అప్పుడు నోరు తనంతట తనే అంది: “సార్, ఒక్కసారి ఎదురు గదిలో అసలు కంప్యూటర్‌లో కొట్టి చూద్దామండీ. గిన్నె వస్తే గిన్నే గీస్తాను.”

ఎదురు గది ల్యాబ్. అందులో పన్నెండు కంప్యూటర్లు, లినక్స్‌తోనే దిగాయి. మా సాఫ్ట్‌వేరు కూడా వేసే ఉంది. స్టూడెంట్లు పాడుచేస్తారని మూడేళ్ళుగా తాళం. తాళంచెవి ఎక్కడుందో తెలిసినాయన బదిలీ అయిపోయారు.

హనుమయ్యగారు ఆ తాళం వంక చూశారు. నా వంక చూశారు. జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టేశారు. గిన్నెలకి పదికి తొమ్మిది. అప్పడానికీ తొమ్మిదే.

అంచేత వర్చువల్ మిషన్ని మించిన వరం లేదని మళ్ళీ మళ్ళీ మనవి చేస్తున్నాను. ఆ తాళం ఎవరైనా తీశారంటే మాత్రం, పై మాటలన్నీ వెనక్కి తీసుకుని, పిల్లని చంకనేసుకుని మొదటి బస్సుకే ఆ ల్యాబ్‌కి వచ్చేస్తాను!