ఇనుము హోంవర్కు

బిందుప్రియకు తన మీద తనకు నమ్మకం ఎక్కువ. ఆదివారం పొద్దున్నే ఇడ్లీ తింటూ, "ఇరవైమంది పిల్లలొస్తే సర్ సంతకం పెట్టేస్తారమ్మా. నాకు నలభైమంది వస్తారు, పక్కా!" అని తల్లితో అంది. ఉక్కు కార్ఖానా వాళ్లు పిల్లలకు సైన్సు నేర్పే ఒక కార్యక్రమంలో ఆమె ఇంటర్న్‌షిప్ ఆ రోజుతో ముగుస్తుంది. కార్ఖానా అధికారి సుభాష్ వచ్చి, చూసి సంతకం పెడితేనే కాలేజీ ఆమెను ఆఖరి సంవత్సరంలోకి రానిస్తుంది.

ఆ రోజు పాఠం అయస్కాంతం. అందుకని ముందురోజే కార్ఖానా పనివాళ్లుండే క్యాంప్ 2 పిల్లలకు తలా ఒక కాగితం పంచింది. అందులో మూడు గళ్లు: మీ ఇంట్లోని ఇనుప వస్తువు, అది ఎక్కడిది, ఇంటి పెద్ద సంతకం. కాస్త దర్జాగా ఉంటుందని పైన ఇంటి నంబరు కూడా అడిగింది. ఆమెది కోహ్కా పేటలో ఉండే రైల్వే కుటుంబం. ఉక్కు ఊళ్లో జీతమెంతని అడిగినా ఫరవాలేదు గానీ, ఇంట్లో ఇనుము ఎక్కడిదని అడగకూడదని పాపం ఆమెకెవరూ చెప్పలేదు.

క్యాంప్ 2లో తలుపుకు అడ్డంపెట్టే దిమ్మ, బట్టలారేసే గొట్టం, ఊరగాయ జాడీ మీద బరువు, అన్నీ ఏనాడో కార్ఖానాలోంచి ఎవరి సైకిలు వెనకో వచ్చి స్థిరపడ్డవే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు వీధి వీధంతా తడుముకుంది. మొదటి ఇంట్లో "చెకింగంట" అన్నారు. ఆ పుకారు వీధి చివరికి చేరేసరికి రెండు జీపుల పోలీసులు బయల్దేరారు.

పదింటికి బిందుప్రియ వెళ్లేసరికి పాఠం చెప్పే షెడ్డులో ఒక్క పిల్లా లేదు. గుమ్మం ముందు మాత్రం నడుమెత్తు ఇనుము కుప్ప ఉంది. జోగమ్మ అనే ముసలావిడ ఒక కడ్డీని కుప్ప మీదికి జారవిడిచి మెల్లగా వెళ్లిపోతోంది.

"అమ్మమ్మా, ఇది మీదేనా? పేరు రాసుకుంటా."

"నాదేటమ్మా! నానెప్పుడూ సూడ్నేదు. దార్లో కాళ్లకడ్డం పడితే తెచ్చేను."

"మరి మీ మనవడేడీ?"

"ఆడికి జొరం. ఈదిలో పిల్లలందరికీ జొరమే."

బిందుప్రియ గడియారం చూసుకుంది. పదకొండింటికి సర్ వస్తాడు. అయినా ధైర్యం చెడకుండా, ఉన్న ఒక్క జోగమ్మకే పాఠం మొదలుపెట్టింది. అయస్కాంతం కడ్డీకి అంటుకుంది. కంగారులో ఎవరో పడేసిన స్టీలు బకెట్టుకు అంటుకోలేదు.

"లోపల తుప్పు పట్టుంటుంది. అందుకే," అంది బిందుప్రియ ధీమాగా.

గోడ వెనక గోపాలం ఉన్నాడు. కొలిమి దగ్గర ముప్పై అయిదేళ్లు పనిచేసి రిటైరైనవాడు. ఎవరి పేర్లు రాస్తున్నారో చూసిపోదామని వచ్చాడు. భయమైతే ఓర్చుకున్నాడు గానీ ఆ తుప్పు మాటను ఓర్చుకోలేకపోయాడు.

"తుప్పేటి, నీ మొహం! అది స్టెయిన్‌లెస్సు. అందులో నికెలు కలుస్తాది. అందుకే పట్టదు. ఈపాటి తెలీకుండా చెకింగుకెలా వచ్చేవు?"

"చెకింగ్ కాదు దాదాజీ, పిల్లలకి సైన్స్ క్లాస్!"

గోపాలం వీధివైపు తిరిగి, "ఒరే, చెకింగ్ కాదర్రా! పాఠమే!" అని కేకేశాడు.

అయిదు నిమిషాల్లో వీధిలో జ్వరాలన్నీ తగ్గిపోయాయి. పిల్లలు కాగితాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. వెనకాలే పెద్దవాళ్లూ వచ్చారు. గోపాలం పాఠం అందుకున్నాడు. పొద్దున ఎవరిదీ కాని ఇనుముకు ఇప్పుడు ఒక్కోదానికి ఇద్దరేసి యజమానులు పుట్టుకొచ్చారు.

"ఆ కడ్డీ నాది!" అంది జోగమ్మ.

"నీదేటే! మాయన పాతికేళ్ల కిందట కార్ఖానా లోపల్నించి మోసుకొచ్చేడు!" అని అరిచింది అప్పలనర్సమ్మ.

పిల్లలు బుద్ధిమంతులు. పెద్దవాళ్లు అరిచింది అరిచినట్టు 'ఎక్కడిది' గడిలో రాసుకున్నారు.

సుభాష్ వచ్చి లెక్కపెడితే నలభై ఒక్కమంది తేలారు. "పెద్దవాళ్లు కూడా సైన్సు కోసం ఇంతలా కొట్టుకోవడం నేనెక్కడా చూళ్లేదు. శభాష్!" అని కలం తీశాడు. బిందుప్రియ సంతోషం పట్టలేకపోయింది.

"థాంక్యూ సర్! వచ్చే ఆదివారం ఉచితంగా వస్తా. ఇదే హోంవర్కు మీరుండే సెక్టర్ 7లో ఇద్దాం. మీ ఇంటినుంచే మొదలెడదాం!"

సంతకం సగంలో కలం ఆగిపోయింది. సుభాష్ పిల్లల దగ్గరున్న కాగితాలు తీసుకుని ఒక్కొక్కటీ చదివాడు. అన్నీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు మిగతా సగం సంతకం పూర్తిచేశాడు.

ఆ తర్వాతి ఆదివారం సెక్టర్ 7 పిల్లలు ఇంద్రధనుస్సు గురించి క్షుణ్ణంగా నేర్చుకున్నారు.