ఆరడుగుల ట్రాక్టర్

ఆ రోజు వీరాంజనేయులు వేసుకున్న ప్లాను చాలా సులువైనది. పొద్దున్నే ట్రాక్టర్ తీయాలి, చేలో మొక్కలు పెట్టే గీతలు పడేలా నిలువూ అడ్డం అచ్చు తోలాలి, తొమ్మిదింటికి మాణిక్యమ్మ కూలీల ముఠా రాగానే మిరప నారు నాటించాలి. పీకిన నారు అప్పటికే గట్టున తడి గోతాల మీద ఉంది. ఇవాళ నాటకపోతే మొత్తం వాడిపోతుంది. మళ్ళీ కావాలంటే నకరికల్లు అంతా వెతికినా దొరకదు.

చిక్కల్లా నల్లరేగడితోనే. నాలుగు రోజుల వానకి చిన్న ట్రాక్టర్ దిగబడిపోతోంది. అందుకని రెండు రోజులు పెరట్లో కూర్చుని, ఇనప గొట్టం ముక్కలకి అటూ ఇటూ పలకలు పెట్టి, వెనక చక్రం పక్కన మరో చక్రం బిగించే అడాప్టర్లు సొంతంగా తయారు చేశాడు. వెల్డింగ్ మాత్రం మీరా సాహెబ్‌ది. ఇప్పుడు లారీకి ఉన్నట్టు వెనక రెండేసి చక్రాలు. ఆరింటికి దర్జాగా స్టార్ట్ చేసి గేటు దాకా వచ్చాడు.

గేటు అయిదడుగులు. ట్రాక్టర్ ఆరు.

"చక్రాలు కొలిచావు, చాళ్ళు కొలిచావు. గేటు కొలిచావా?" అంది భార్య శ్యామల, చీపురు ఆపకుండా.

అతను మీరా సాహెబ్‌కి ఫోన్ చేశాడు. "సాహెబూ, బయటి చక్రాలు ఊడదియ్యాల."

"ఎట్టా ఊడతయ్యన్నా? వదులు కాకుండా నట్లన్నిటికీ వెల్డింగ్ కొట్టేశాగా! నీ మనవళ్ళ కాలానికి కూడా ఊడవు."

ఇక మిగిలింది గేటు స్తంభమే. వీరాంజనేయులు టేపుతో కొలిచి, సుద్దతో గీత గీసి, సమ్మెట ఎత్తాడు. పక్కింటి కృపావరం నోట్లో బ్రష్షుతో బయటికొచ్చాడు.

"ఏందిరా అబ్బాయ్, గోడ పగలగొడతన్నావ్?"

గేటు కొలవడం మరిచానని ఎలా చెబుతాడు? "దారి చాలటంలా బాబాయ్."

"ఎంత తీయాలంట?"

"అడుగు పైనే. తొమ్మిదింటికల్లా అయిపోవాల."

కృపావరం ఆ సుద్దగీత వంక చూశాడు. తర్వాత రోడ్డు మీదికి మూడడుగులు జరిపి కట్టుకున్న తన వరండా వంక చూశాడు. రోడ్డు వెడల్పు చేస్తున్నారన్నమాట! జేసీబీ వస్తే వరండాతో ఆగదు. మన చేత్తో మనం కొట్టుకుంటే ఇల్లయినా మిగులుతుంది. అతను బ్రష్షు తీయకుండానే వీధి గ్రూపులో మెసేజ్ పెట్టాడు.

ఎనిమిదింటికి ట్రాక్టర్ గేటు దాటేసరికి వీధి వీధంతా సమ్మెట దెబ్బలు. వీరాంజనేయులుకి ఆగి అడిగే తీరిక లేదు. చేలో జంట చక్రాలు నీళ్ళ మీద బాతుల్లా తేలిపోయాయి. పదింటికి అచ్చు పూర్తయింది. ముఠా మాత్రం రాలేదు.

"మాణిక్యమ్మ పిన్నీ, యాడున్నారు?"

"మీ వీధిలోనే అయ్యా. ఇళ్ళు పగలగొడతన్నారు, మేం రాళ్ళు మోస్తన్నాం. మజ్జానం బిర్యానీ అంట!"

అసలు సంగతి అప్పుడర్థమైంది. నోరు మూసుకుంటే నారు పోతుంది. నోరు విప్పితే తను పోతాడు. గోతాల మీద నారు తలలు వాలుస్తోంది. కృపావరానికి ఫోన్ చేశాడు.

"బాబాయ్, రోడ్డు వెడల్పేం లేదు. ట్రాక్టర్ పట్టక నా గేటు నేను కొట్టుకున్నా."

అవతల సమ్మెట కింద పడ్డ చప్పుడైంది.

అరగంటలో వీధంతా ఆటోల్లో దిగింది. మోసే రాళ్ళు లేక ముఠా కూడా వెనకే వచ్చింది. వీరాంజనేయులు ట్రాక్టర్‌ని చేను నడిమధ్యకి పోనిచ్చాడు. వెంటపడిన నలుగురి చెప్పులు బురదలోనే ఉండిపోయాయి. ఈలోగా మాణిక్యమ్మ గట్టు వెంట నాటు మొదలెట్టించింది.

"ఎవురన్నా నారు తొక్కారో, కాళ్ళిరగ్గొడతా!" అంది. అంతే, జనం గట్టు మీదే ఆగిపోయారు.

వీరాంజనేయులు సీటు మీద నుంచే ఆమెకి దణ్ణం పెట్టాడు. ముఠా నాలుగు వైపుల నుంచీ నాటుకుంటూ వచ్చింది. నాలుగింటికి ఆఖరి మొక్క పడింది, ట్రాక్టర్ చక్రానికి జానెడు దూరంలో. చేనంతా పచ్చగా ఉంది. మధ్యలో అతనున్నాడు.

గట్టు మీద నుంచి శ్యామల క్యారేజీ ఎత్తి చూపించింది. "ఏమయ్యా, దిగి నడిచొస్తావా, ట్రాక్టర్‌తో నారు తొక్కించుకుంటా వస్తావా?"

కృపావరం అందరికీ టీ తెప్పించాడు. గట్టు మీద ఎవరికీ తొందర లేదు.